జైల్లో ఇంటర్వ్యూలు చేస్తున్నాను. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొచ్చా?

ఉప్పల్ స్కాలర్
సోమవారం, రాత్రి 10.15

అందరికీ నమస్కారం. ఇక్కడ లాయర్లు, పోలీసు శాఖలో పనిచేసేవాళ్లు, పరిశోధన చేసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు.

పీహెచ్‌డీ మూడో ఏడు. బెయిల్ వచ్చినా షూరిటీలు (పూచీ ఉండేవాళ్లు) దొరక్క లోపలే ఉండిపోయిన రిమాండ్ ఖైదీల మీద నా పని. పర్మిషన్ కోసం ఏడు నెలలు తిరిగాను. మూడు వారాలుగా నగరంలోని ఒక జైలుకి వెళ్తున్నాను. లైబ్రరీ పక్క గదిలో ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. గుమ్మం దగ్గర స్టూలు మీద వార్డర్ కూర్చుంటారు. మంచాయనే. కానీ అక్కడే ఉంటారు.

పరిశోధనలో పాల్గొనేవాళ్లకి హాని జరగకుండా చూసే మా ఎథిక్స్ కమిటీ పాస్ చేసిన సమ్మతి పత్రంలో ఒక వాక్యం ఉంది: "మీరు చెప్పిన విషయాలు పూర్తిగా గోప్యంగా ఉంచబడతాయి." ప్రతి ఒక్కరికీ అది చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటున్నాను.

గురువారం ఒక కుర్రాడు షూరిటీల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు తగ్గించాడు. తన కేసుతో సంబంధం లేని ఇంకో సంగతి ఎత్తాడు. ఒక మనిషి ప్రాణం పోయిన సంగతి. ఆ కేసులో వేరే ఎవరినో పట్టుకున్నారట. "ఆయన కాదక్కా" అన్నాడు. నేను పెన్ను ఆపేశాను, అప్పటికే రెండు లైన్లు రాసేశాను. లేచి వెళ్తూ నా వైపు తిరిగి, "నువ్వు ఎవరికీ చెప్పనన్నావు కదక్కా" అన్నాడు. "అవును తమ్ముడూ" అన్నాను.

ఆ "అవును" అనే హక్కు నాకు ఉందా? ఆ రెండు లైన్లు ఏం చెయ్యాలి?

*పోస్టు మార్చాను: కింద లాయర్ గారు చెప్పాక కొన్ని వివరాలు తీసేశాను.*

నల్లకోటు నాంపల్లి
సోమవారం, రాత్రి 10.31

అమ్మా, మిగతాదంతా తర్వాత. ముందు నీ పోస్టులో ఆ కుర్రాడి వయసు, ఏ కేసులో లోపలున్నాడో, ఏ రోజు ఏ బ్యారక్ నుంచి వచ్చాడో ఉన్న వాక్యాలు తీసెయ్. ఇప్పుడే. ఇక్కడ ఎవరెవరు చదువుతారో మనకి తెలియదు. ఆ రోజు నీ దగ్గరికి వచ్చినవాళ్లు ఎంతమంది? నలుగురు? ఐదుగురు? రిజిస్టర్ చూస్తే చాలు, పేరు తెలిసిపోతుంది.

తీసేశాక చెప్పు, మాట్లాడుకుందాం.

ఉప్పల్ స్కాలర్
సోమవారం, రాత్రి 10.38

తీసేశాను సార్. చేతులు వణుకుతున్నాయి. గోప్యత గురించి అడుగుతూ నేనే బయటపెట్టేశాను.

అడ్మిన్
సోమవారం, రాత్రి 10.44

పాత పాఠం సర్వర్ నుంచి కూడా తొలగించాను. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే దయచేసి డిలీట్ చెయ్యండి. ఈ థ్రెడ్‌లో ఆ కేసు ఏదై ఉంటుందో ఎవరూ ఊహించి రాయొద్దు.

నల్లకోటు నాంపల్లి
సోమవారం, రాత్రి 11.20

ఇప్పుడు చట్టం సంగతి. నేను క్రిమినల్ సైడే. నాంపల్లి కోర్టుల్లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను.

నువ్వు ఇచ్చిన మాట నువ్వు నిలబెట్టుకోగలిగేది కాదు. మన దగ్గర లాయరుకి క్లయింటు చెప్పింది బయటపెట్టకుండా చట్టం కాపాడుతుంది. భార్యాభర్తల మధ్య మాటలకి కూడా రక్షణ ఉంది. పరిశోధకుడికి చెప్పినదానికి అలాంటిది ఏదీ లేదు. రేపు ఐఓ (దర్యాప్తు అధికారి) గానీ కోర్టు గానీ, క్రిమినల్ కేసుల పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 94వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి నోట్‌బుక్ తెమ్మంటే, "మా కమిటీ గోప్యం అంది" అని చెప్పి తప్పించుకోలేవు.

రెండోది. అదే చట్టంలో 33వ సెక్షన్ ఉంది, పాత సీఆర్‌పీసీలో 39. హత్య, దోపిడీ లాంటి కొన్ని నేరాలు జరిగినట్టు ఎవరికి తెలిసినా, సరైన కారణం లేకపోతే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పాలి. ఆ కారణం ఉందని చూపించుకోవాల్సిన బాధ్యత నీదే. అన్ని నేరాలూ ఆ జాబితాలో లేవు, మామూలు దొంగతనం అందులోకి రాదు. కానీ ప్రాణం పోయిన సంగతి అన్నావు.

మూడోది నీకు తట్టి ఉండదు. ఆ కుర్రాడు "నేను అక్కడున్నా" అని అన్నా, అంతకు మించి అన్నా, నువ్వే ప్రాసిక్యూషన్ సాక్షివి కావచ్చు. పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. మూడో మనిషికి చెప్పినది బలహీన సాక్ష్యమే, కానీ అసలు సాక్ష్యమే కాదని ఏ చట్టమూ చెప్పలేదు. నిన్ను బోనులో నిలబెట్టి "ఆ రోజు ముద్దాయి మీతో ఏమన్నాడు?" అని అడిగితే నువ్వేం చేస్తావు?

ఆ పేజీ మాత్రం చించొద్దు. భయంలో అందరూ ముందు చేసే పని అదే. సాక్ష్యం మాయం చెయ్యడం అనేది ఇంకో నేరం.

2011 బ్యాచ్
మంగళవారం, ఉదయం 6.50

నేను సర్వీసులో ఉన్నాను, ఏ స్టేషనో చెప్పను. నా అభిప్రాయం సూటిగా చెప్తాను మేడమ్. చెప్పెయ్యండి.

మీరు ఆ కుర్రాడి గురించే ఆలోచిస్తున్నారు. పట్టుబడ్డ ఆ రెండో మనిషి గురించి ఎవరు ఆలోచించాలి? 2007లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన హత్య కేసు మనందరికీ తెలుసు. 2010లో కింది కోర్టు ఒకతనికి శిక్ష వేసింది. 2017 మార్చిలో హైదరాబాద్‌లో ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని వదిలింది. దాదాపు ఎనిమిదేళ్లు లోపల గడిచిపోయాయి. అతని యవ్వనం ఎవరు తెచ్చిస్తారు? ఆ కేసు దర్యాప్తు చేసింది మా శాఖే, అందుకే ఆ పేరు విన్నప్పుడల్లా తల వంగుతుంది.

అలాంటిది ఇంకోటి జరుగుతోందేమో అని మీకు తెలిసి కూడా నోట్‌బుక్ మూసుకుని కూర్చుంటే, అది ఏ ఎథిక్స్?

సోషియాలజీ ఎంఏ
మంగళవారం, ఉదయం 8.12

అక్కా, మాకు క్లాసులో చెప్పారు, అమెరికాలో రిక్ స్కార్స్ అనే పీహెచ్‌డీ విద్యార్థి గురించి. పర్యావరణ, జంతు హక్కుల ఉద్యమకారులని ఇంటర్వ్యూ చేశాడు. 1993లో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) అడిగితే, మాట ఇచ్చాను చెప్పను అన్నాడు. 159 రోజులు జైల్లో పెట్టారు. చివరి దాకా చెప్పలేదు. మాట ఇచ్చాక అలా నిలబడాలి అనిపిస్తుంది.

నల్లకోటు నాంపల్లి
మంగళవారం, ఉదయం 9.40

బాబూ, ఆయన్ని నేనూ గౌరవిస్తాను. కానీ ఆయన జైలుకి వెళ్లింది తన ఇష్టంతో, తన మాట కోసం. బోస్టన్ కాలేజీ టేపుల సంగతి కూడా చదువు. ఐర్లండ్ గొడవల్లో పాల్గొన్నవాళ్లతో మాట్లాడి, మీరు చనిపోయేదాకా ఇవి బయటికి రావు అన్నారు. 2011లో బ్రిటన్ పోలీసుల తరఫున అమెరికాలో సమన్లు వచ్చాయి, కొన్ని టేపులు పోలీసుల చేతికి వెళ్లాయి. నష్టపోయింది మాట ఇచ్చిన కాలేజీ కాదు, నమ్మి నోరు విప్పినవాళ్లు.

ఇక్కడ కూడా మాట తప్పితే ముందు మునిగేది ఆ కుర్రాడే.

మలక్‌పేట వాసి
మంగళవారం, మధ్యాహ్నం 1.25

నేను ఎప్పుడూ రాయను, చదువుతూ ఉంటాను. ఈరోజు రాయాలనిపించింది.

పధ్నాలుగు నెలలు యూటీగా, అంటే విచారణ ఖైదీగా, లోపల ఉన్నా. తర్వాత కేసు కొట్టేశారు. నేను లోపలున్నప్పుడు ఒక కాలేజీ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, ఇలాగే ప్రశ్నలు, ఇలాగే కాగితం. మీరు సమ్మతి అంటున్నారు. అది ఎలా జరిగిందో చెప్తా.

పొద్దున లెక్క అయిపోయాక వార్డర్ వచ్చి నా పేరు పిలిచాడు. "ఆఫీసుకి పద" అన్నాడు. ఎందుకని అడగం. జైల్లో పేరు పిలిస్తే మూడే ఉంటాయి: ములాఖత్, వాయిదా, లేకపోతే ఏదో తప్పు. నాది ఆ రోజు ములాఖత్ కాదు, వాయిదా కాదు. ఆ గది దాకా నడిచిన నూరు అడుగులూ ఏం తప్పు చేశానా అని గుర్తుచేసుకుంటూనే నడిచా. లోపల ఒక అబ్బాయి ఇస్త్రీ షర్టు వేసుకుని లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టాడు. పధ్నాలుగు నెలల్లో నాకు నమస్కారం పెట్టిన మొదటి మనిషి. ఆ నమస్కారానికే నేను కరిగిపోయా. కాగితం జరిపాడు, చదివాడు, "మీకు ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు" అన్నాడు. మంచి అబ్బాయి. కానీ లోపలికి వచ్చాక మేం ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టామో తెలుసా? అరెస్టు మెమో, పంచనామా, వకాలత్, ఆస్పత్రి చీటీ, క్యాంటీన్ కార్డు. "ఇక్కడ పెట్టు" అంటే పెట్టడమే. ఇది కూడా పెట్టా.

మాట్లాడుతున్నంతసేపూ నా బుర్రలో ఒకటే. ఈయనకి నచ్చేలా చెప్తే సూపరింటెండెంట్ గారికి నా గురించి మంచిగా చెప్తాడేమో, బెయిల్‌కి పనికొస్తుందేమో. అడగలేదు. అడిగితే ఉన్నది కూడా పోతుందని.

తర్వాత వారం రోజులు వార్డర్లు, తోటివాళ్లు, "ఏం చెప్పినవ్ రా ఆ పోరనికి? మా గురించి ఏమన్నా చెప్పినవా?" ఒకటే గోల. ఆ అబ్బాయి మళ్లీ రాలేదు. నేను చెప్పింది ఏమైందో, ఏం రాశాడో, నాకు ఇప్పటికీ తెలియదు.

చెల్లెమ్మా, నీ మీద కోపం లేదు. కానీ ఆ కుర్రాడు నీతో అది ఎందుకు చెప్పాడు? నువ్వు "అక్క"లా ఉన్నావు కాబట్టి. కాగితం మీద ఉన్న వాక్యం విని కాదు.

ఉప్పల్ స్కాలర్
మంగళవారం, మధ్యాహ్నం 2.10

అన్నా, రెండుసార్లు చదివాను. నేను కూడా ప్రతి ఒక్కరికీ లేచి నమస్కారం పెడుతున్నాను. గౌరవం అనుకున్నాను. ఇంకేం రాయలేకపోతున్నాను ఇప్పుడు.

తార్నాక టీచర్
మంగళవారం, సాయంత్రం 5.30

నేను రిటైర్డ్ హైస్కూల్ టీచర్ని. ఒక సంస్థ ఎథిక్స్ కమిటీలో మామూలు జనం తరఫు సభ్యురాలిగా ఐదేళ్లుగా ఉన్నాను. ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) నియమాల ప్రకారం కమిటీలో డాక్టర్లూ సైంటిస్టులే కాక ఒక లాయరు, ఒక సామాజిక శాస్త్రం తెలిసినవారు, వైద్య రంగంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి ఉండాలి. ఆ మామూలు మనిషిని నేను. మొదట్లో నన్నెందుకు పెట్టారో అర్థమయ్యేది కాదు. ఫైళ్లన్నీ ఇంగ్లీషులో. తర్వాత తెలిసింది, నా పని ఒక్కటే: "ఈ కాగితం మా పనమ్మాయికి చదివి వినిపిస్తే ఆమెకేం అర్థమవుతుంది?" అని అడగడం.

తల్లీ, మీ కమిటీ తప్పు చేసింది. "గోప్యంగా ఉంచబడతాయి" అనే వాక్యం ఎక్కడిదో నాకు తెలుసు. పోషకాహారం సర్వేకి వాడే ఫారం లోంచి ఎత్తి పెట్టారు. అన్నం ఎన్నిసార్లు తిన్నావని అడిగేదానికి ఆ వాక్యం సరిపోతుంది. జైలుకి సరిపోదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో రిమాండ్ ఖైదీలు, శిక్ష పడ్డ ఖైదీలు ఇద్దరినీ ప్రత్యేక రక్షణ కావాల్సినవాళ్ల జాబితాలో పేరు పెట్టి మరీ రాశారు. అవి ఆరోగ్య పరిశోధన కోసం రాసినవే, కానీ యూనివర్సిటీ కమిటీలు కూడా వాటినే చూస్తాయి.

మలక్‌పేట బాబు రాసింది చదివాక నాకు ఖమ్మం గుర్తొచ్చింది. 2009లో అక్కడ దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు, పరిశోధనలో భాగంగా. పది నుంచి పధ్నాలుగేళ్ల పిల్లలు, చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండేవాళ్లు. గుజరాత్‌లో కూడా జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణ చేసినవాళ్లు చెప్పారు, ఆ మాట నేను కాదనను. కానీ సమ్మతి పత్రాలు తీసి చూస్తే, తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టి ఉన్నాయి. వేల ఫారాలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

నేను అప్పుడు సర్వీసులోనే ఉన్నాను. ఆ హెడ్మాస్టర్లలో చెడ్డవాళ్లు ఎవరూ ఉండరు, నాకు తెలుసు. పైనుంచి ఆర్డరు, పిల్లలకి మంచి జరుగుతుందట, సంతకం పెట్టండి. నా ముందు పెట్టినా నేనూ పెట్టేదాన్నేమో. ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే కడుపులో దేవినట్టవుతుంది. అక్కడ వార్డెన్, ఇక్కడ వార్డర్. తాళం ఒకరి చేతిలో ఉన్నప్పుడు, లోపలున్నవాళ్ల "సరే"కి ఎంత బరువు ఉంటుందో మనమే తూచుకోవాలి.

గచ్చిబౌలి టెకీ
మంగళవారం, రాత్రి 9.02

అందరూ చాలా బాగా రాస్తున్నారు కానీ, నేరాలు చేసి లోపలికి వెళ్లినవాళ్ల మాటకి ఇంత ఆలోచన అవసరమా? బాధితుల గురించి ఎవరైనా ఇంత బాధపడతారా?

తార్నాక టీచర్
మంగళవారం, రాత్రి 9.45

బాబూ, నీ ప్రశ్నకి కోపం తెచ్చుకోను. 2019 డిసెంబర్ 6న, డాక్టరమ్మాయి హత్య కేసులో పట్టుబడ్డ నలుగురిదీ చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్ అయిందని టీవీలో చూసి నేనూ సంబరపడ్డాను. ఆ డాక్టరమ్మాయి వయసులో నాకు కూతురుంది. జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేను అక్కడ ఉంటే నేనూ చల్లేదాన్ని. 2022లో జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని రాసింది. ఆ రాత్రి నేను భోజనం చెయ్యలేకపోయాను. నా సంబరం ఏమైంది మరి? దాన్ని ఎక్కడ పెట్టుకోను?

ఇంకోటి. లోపలున్నవాళ్లలో నలుగురిలో ముగ్గురు యూటీలు, శిక్ష పడ్డవాళ్లు కాదు. నేరం చేశారని ఇంకా ఎవరూ తేల్చలేదు.

గచ్చిబౌలి టెకీ
మంగళవారం, రాత్రి 10.20

ముగ్గురు యూటీలన్నది నిజంగా తెలియదండీ. చదువుతాను.

ల్యాబ్ కోటు
బుధవారం, ఉదయం 7.30

ఫోరెన్సిక్‌లో పనిచేసి బయటికి వచ్చాను. సమ్మతి గురించి నా అనుభవం ఒకటి.

పాలిగ్రాఫ్ అంటే మీకు సినిమాలో చూసిందే తెలుసు. ఛాతీ చుట్టూ రబ్బరు ట్యూబు, వేళ్లకి క్లిప్పులు, జబ్బకి బీపీ పట్టీ. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నార్కో గానీ, పాలిగ్రాఫ్ గానీ, బ్రెయిన్ మ్యాపింగ్ గానీ మనిషి ఇష్టం లేకుండా చెయ్యకూడదు. రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకి విరుద్ధం. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం నేరుగా సాక్ష్యం కాదు. అతని సమ్మతి మేజిస్ట్రేటు ముందు నమోదు కావాలి, లాయరు అందుబాటులో ఉండాలి.

ఒకాయన వచ్చాడు. మేజిస్ట్రేటు ముందు ఒప్పుకున్నట్టు కాగితం ఉంది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. క్లిప్పు పెడుతుంటే వేలు మంచుగడ్డలా ఉంది. నా చెవి దగ్గరగా, "సార్, వద్దంటే నేనే చేశానని అనుకుంటారా?" అన్నాడు. క్లిప్పు తీసేశాను. "వద్దనొచ్చు. ఎవరూ అనుకోకూడదు" అన్నాను. "అయితే వద్దు సార్" అన్నాడు. ఆ రోజు పని ఆగిపోయింది. పైవాళ్లు నామీద చాలా చికాకు పడ్డారు.

ఫైల్లో కాగితం పక్కాగా ఉంది. మనిషిలో సమ్మతి లేదు. ఆ రెండూ వేరని నాకు ఆ వేలు పట్టుకున్నాకే అర్థమైంది.

పాత జైలరు
బుధవారం, ఉదయం 11.15

జైళ్ల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. వార్డర్ స్థాయి నుంచి వచ్చినవాడిని, కాబట్టి స్టూలు మీద కూర్చున్నాయన గురించి కూడా చెప్పాలి.

ఆయన వినడానికి కూర్చోలేదమ్మా. రేపు నీకేదైనా అయితే ఆయన ఉద్యోగం పోతుంది. కానీ ఆయన చెవులు మూసుకోలేడు కూడా. 2015లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకి సలహా పత్రం పంపాక పరిశోధకుల విషయంలో నియమాలు బిగిశాయి. రికార్డర్ తెస్తే ఆ రికార్డింగ్ జైలు అధికారి పరిశీలించాలి. నువ్వు రికార్డర్ వాడకపోయినా, పర్మిషన్ కాగితంలో ఏం షరతులున్నాయో ఒకసారి పూర్తిగా చదువు. అధికారి వినే హక్కు ఉన్న చోట నువ్వు "పూర్తిగా గోప్యం" అని చదివి వినిపిస్తే, అది మొదటి రోజు నుంచీ అబద్ధమే. నువ్వు కావాలని చెప్పలేదు, సరే. వినేవాడికి తేడా ఏముంది?

ఆచరణలో రెండు మాటలు. వార్డర్ చూపుకి అందేలా, చెవికి అందనంత దూరంలో కూర్చోబెట్టమని సూపరింటెండెంట్‌ని లిఖితపూర్వకంగా అడుగు. చాలామంది ఒప్పుకుంటారు, అడిగేవాళ్లే లేరు. ఖైదీని వార్డర్‌తో పేరు పెట్టి పిలిపించొద్దు. లైబ్రరీ గోడ మీద నోటీసు పెట్టించు, నువ్వే బ్యారక్‌లో ఒకసారి అందరికీ చెప్పు, ఇష్టమున్నవాళ్లు వాళ్లంతట వాళ్లు వస్తారు. తక్కువమంది వస్తారు, టైం పడుతుంది. పట్టనీ.

అమెరికాలో 1978 నుంచి ఒక నియమం ఉందని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. ఖైదీల మీద పరిశోధనని పరిశీలించే బోర్డులో ఒక ఖైదీ గానీ, వాళ్ల తరఫు మనిషి గానీ ఉండాలి. పరిశోధనలో పాల్గొన్నందుకు పెరోల్‌లో లాభం ఉండకూడదు, ఆ సంగతి ముందే ఖైదీకి చెప్పాలి. ఊరికే రాలేదు ఆ నియమం. ఫిలడెల్ఫియాలో హోమ్స్‌బర్గ్ అనే జైల్లో ఖైదీల చర్మం మీద ఏళ్ల తరబడి మందులు ప్రయోగించారు, నాలుగు డాలర్ల ఆశ చూపించి. మలక్‌పేట వాసి లాంటివారు మన కమిటీల్లో ఒక్కరైనా ఉన్నారా? నేను చూడలేదు.

2011 బ్యాచ్
బుధవారం, రాత్రి 8.05

అందరిదీ చదివాను. నేను ఒప్పుకునేది ఒప్పుకుంటాను. "చెప్పెయ్యండి" అని తేలిగ్గా అనేశాను. ఆమె వచ్చి మా దగ్గర చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ రాత్రికే ఆ కుర్రాడిని పీటీ వారెంట్ (ఒక కేసులో జైల్లో ఉన్నవాడిని ఇంకో కేసులో తెచ్చుకునే వారెంట్) మీద తెస్తారు. తర్వాత అడిగే తీరు ఎలా ఉంటుందో నేను రాయనక్కర్లేదు. అరెస్టయినవాళ్లని హింసించకూడదని సుప్రీంకోర్టు నియమాలు పెట్టిన డీకే బసు తీర్పు వచ్చి ముప్పై ఏళ్లు కావస్తోంది, బోర్డు ప్రతి స్టేషన్లో వేలాడుతోంది.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఆ రెండో మనిషి ఈ రాత్రి కూడా లోపలే పడుకుంటాడు.

మలక్‌పేట వాసి
బుధవారం, రాత్రి 8.40

సార్, మీ ప్రశ్న సరైనదే. నేను ఆ రెండో మనిషినే అనుకోండి. నా కోసం ఎవరైనా నిజం చెప్తే బాగుండని రోజూ అనుకున్నా. కానీ ఇంకొకడిని కొట్టి తెచ్చిన నిజం మీద నేను బయటికి రావాలని అనుకోలేదు. వాడు లాయరుని పక్కన పెట్టుకుని తనంతట తాను చెప్తే, అది నిలబడుతుంది. కొట్టించి చెప్పిస్తే రేపు కోర్టులో వాడు కాదంటాడు, నేను మళ్లీ లోపలే.

నల్లకోటు నాంపల్లి
బుధవారం, రాత్రి 9.30

నేను చెప్పాలనుకున్నది మలక్‌పేట వాసి నాకంటే బాగా చెప్పారు.

అమ్మా, దారి ఇదే. ఆ కుర్రాడు సాక్షా, ముద్దాయా, ఇంకేమైనానా, నీకు తెలియదు, నాకూ తెలియదు. అది తేల్చాల్సింది అతను తన లాయరుతో కూర్చుని. ప్రతి జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరు వస్తారు, డబ్బు అక్కర్లేదు. 15100కి ఎవరైనా ఫోన్ చెయ్యొచ్చు. లాయరుకి చెప్పింది మాత్రం నిజంగా గోప్యం. నిజం చెప్పాలనుకుంటే మేజిస్ట్రేటు ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 183వ సెక్షన్ కింద స్టేట్‌మెంట్ ఇవ్వడానికి ఆ లాయరే దారి చూపిస్తాడు. ఆ రెండో మనిషి లాయరుకి సంగతి చేరే పద్ధతి కూడా ఉంది.

నువ్వు రేపే మీ గైడ్‌కి, కమిటీకి లిఖితపూర్వకంగా తెలియజెయ్. పేరు లేకుండా, సంగతి లేకుండా. "ముందు ఊహించని విషయం ఎదురైంది, ఇంటర్వ్యూలు ఆపాను" అని. ఆ పేజీ సీలు కవర్లో పెట్టి సంస్థకి అప్పగించు. 33వ సెక్షన్ విషయంలో నీ తరఫున నువ్వూ ఒక లాయరుని కలువు. నా దగ్గరికే రా, ఫీజు మాట ఎత్తకు.

దారి తప్పి ఒక మాట. నీ అసలు విషయం షూరిటీలు కదా. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు చూశావా? బెయిల్ వచ్చి వారంలో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలి. నెలలో షూరిటీలు ఇవ్వలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టే చూడొచ్చు. నువ్వు మాట్లాడినవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు?

ఉప్పల్ స్కాలర్
బుధవారం, రాత్రి 10.05

ఒక్కరికీ తెలియదు సార్. ఇప్పటిదాకా పందొమ్మిది మందితో మాట్లాడాను. నేను రాసుకుని వచ్చేశాను. వాళ్లకి చెప్పాలని నాకు తట్టలేదు.

ఉప్పల్ స్కాలర్
రెండు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6.20

ఆలస్యానికి క్షమించండి.

ఇంటర్వ్యూలు ఆపేశాను. గైడ్ మొదట "అనవసరంగా పెద్దది చేస్తున్నావు, థీసిస్ ఏడాది వెనక్కి పోతుంది" అన్నారు. మలక్‌పేట అన్న రాసింది పేరు లేకుండా ప్రింట్ తీసి ఇచ్చాను. మర్నాడు ఆయనే కమిటీకి ఫోన్ చేశారు. పేజీ సీలు కవర్లో ఉంది. నాంపల్లి సార్‌ని కలిశాను, నా వరకు ఏం చెయ్యాలో చెప్పారు, చేశాను. అది ఇక్కడ రాయను.

ఆ కుర్రాడిని ఒకసారి కలవడానికి సూపరింటెండెంట్ గారు ఒప్పుకున్నారు. వార్డర్ వరండా చివర కూర్చున్నారు. అతనితో చెప్పాను: "తమ్ముడూ, ఆ రోజు నేను అవును అన్నాను. అది తప్పు. కోర్టు అడిగితే నేను దాచలేను. నాకు ఆ సంగతి తెలియదు, తెలిసుంటే ముందే చెప్పేదాన్ని." చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయాడు. "మరి ఇప్పుడు చెప్తున్నావెందుకక్కా" అన్నాడు. జవాబు రాలేదు నాకు. లీగల్ ఎయిడ్ లాయర్ గురించి చెప్పాను. వాళ్లకి చెప్పింది బయటికి పోదని, ఇష్టమైతేనే కలవమని చెప్పాను. లేచి వెళ్లిపోయాడు. నమస్కారం పెట్టలేదు.

నాలుగు రోజులకి క్లినిక్‌లో పేరు రాయించుకున్నాడని తెలిసింది. లోపల ఏం మాట్లాడాడో నాకు తెలియదు. నేను అడగలేదు.

కమిటీ కొత్త ఫారం ఒప్పుకుంది. తార్నాక టీచర్ గారు ఫోన్లో మూడు గంటలు కూర్చుని ఒక్కో వాక్యం మార్చించారు. ఇప్పుడు మొదటి వాక్యం ఇది: "మీ బెయిల్ గురించి, షూరిటీల గురించి మాత్రమే నేను అడుగుతాను. మీ కేసులో ఏం జరిగిందో, వేరే ఏ నేరం గురించైనా నాకు చెప్పకండి. చెప్తే నేను దాచలేకపోవచ్చు. అవి మీ లాయరుకి చెప్పండి." రెండోది: "నాతో మాట్లాడినా, మాట్లాడకపోయినా మీ బెయిల్‌లో ఏ తేడా ఉండదు."

శుక్రవారం మళ్లీ మొదలుపెట్టాను. నోటీసు చూసి ఇద్దరే వచ్చారు. ఇది చదివి వినిపిస్తే ఒకాయన లేచి వెళ్లిపోయారు. రెండో ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు, పదివేల షూరిటీ కోసం వాళ్లమ్మ ఊళ్లో ఎవరెవరి గుమ్మం ఎక్కిందో అదంతా. తర్వాత ఆ సుప్రీంకోర్టు ఉత్తర్వు గురించి తెలుగులో ఒక పేజీ రాసింది ఆయనకి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నారు.

మలక్‌పేట వాసి
ఆదివారం, రాత్రి 7.15

ముందు మాట్లాడిన ఆ పందొమ్మిది మంది? వాళ్లకి పాత వాక్యమే చదివావు కదా చెల్లెమ్మా.

ఉప్పల్ స్కాలర్
ఆదివారం, రాత్రి 7.32

అవునన్నా. ఐదుగురు విడుదలయ్యారు, అడ్రసుల కోసం తిరుగుతున్నాను. ఆ కుర్రాడు కాక, ఇంకా లోపలున్న పదమూడు మందిని మంగళవారం నుంచి కలుస్తున్నాను. కొత్త ఫారం చదివి, వాళ్లు చెప్పింది నేనెలా రాశానో వినిపిస్తాను. వద్దంటే వాళ్ల పేజీలు థీసిస్‌లో ఉండవు.